సగం సినిమా చూసి ఇచ్చిన తీర్పు

ఆ ఇద్దరు హీరోల్లో ఎవరు గొప్ప నటుడని ఇప్పటికీ ఎవరైనా నా ముందు మొదలుపెడితే, నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను. మీరు సినిమా ఎక్కణ్ణుంచి చూశారు? నేలా, బెంచీయా, కుర్చీయా అని కాదు. మొదటి రీలు నుంచా, మధ్యనుంచా? ఈ ప్రశ్న నాకు ఎనిమిదేళ్ళ ఉద్యోగం నేర్పింది. నేర్పుతూ నేర్పుతూ ఇంకొకామె ఉద్యోగం ఊడగొట్టింది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

హీరోల పేర్లు చెప్పను. ఆ పేర్ల మీద పంతాలు పట్టి కుదిరిన సంబంధాలు వదులుకున్న ఇళ్ళు మా చిత్తూరులో రెండు నాకు తెలుసు. మా టికెట్ కిటికీ ముందు వరసలో నిలబడే ఆడవాళ్ళు వాళ్ళకు పెట్టుకున్న పేర్లే వాడతాను. ఒకాయన గొంతాయన. రెండో ఆయన కళ్ళాయన. ఎందుకా పేర్లో విడమరచి చెప్పనక్కరలేదు.

తిరుపతిలో బి.ఏ. చదివి, రెండుసార్లు సర్వీసు కమిషన్ పరీక్ష రాసి, రెండుసార్లూ ఉద్యోగం రాక, మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న సినిమా హాల్లో ఆడవాళ్ళ టికెట్లు అమ్మే పనిలో చేరాను. మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాట్లాడాడు, కొత్త సినిమాకు మా మేనత్తలకు టికెట్లు కావాలని.

ఇంట్లో క్యాసెట్టు పెట్టుకుని, మధ్యలో ఆపి అన్నం తిని, మళ్ళీ నొక్కి చూసే మీ వయసువాళ్ళకు ఇది చెప్పాలి. ఆ రోజుల్లో మా హాల్లో ఆడవాళ్ళకు టికెట్ కిటికీ వేరు, గేటు వేరు, లోపల కూర్చునే వైపు వేరు. మగవాళ్ళ వైపుకూ మా వైపుకూ మధ్య నడుమెత్తు గోడ. కిటికీలో నేను. గేటు దగ్గర ఒక పెద్దావిడ. ఆమెను అందరూ గేటమ్మ అనేవారు, నేనూ అలాగే రాస్తాను. అప్పటికే యాభై దాటిన మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు, సొంత ఊరు పాకాల దగ్గర ఎక్కడో. ఆ గేటే ఆమెకు ఇల్లూ వాకిలీ.

నా గది అంటే ఒక స్టూలు, ఒక బల్ల, చెయ్యి మాత్రం పట్టే కన్నం. వెనకాల గోడకు అవతల హాలు. బొమ్మ మొదలైనా ఆలస్యంగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళ వరస అయిపోయి, టికెట్ల పుస్తకాలు ఆఫీసులో అప్పగించేసరికి ఇంటర్వెల్ గంట కొట్టేవారు. కాబట్టి ఎనిమిదేళ్ళలో నేను చూసిన ప్రతి సినిమా ఇంటర్వెల్ తర్వాతే మొదలైంది. అంతకు ముందున్నది గోడలోంచి విన్నదే.

గేటమ్మది దీనికి తిరగేసిన కథ. ఇంటర్వెల్ దాకా టార్చిలైటు పట్టుకుని లోపలే నిలబడి, వచ్చినవాళ్ళకు చోటు చూపించేది. ఇంటర్వెల్ తర్వాత వరండాలోకి పోయేది. అక్కడ పాత చీరలతో మూడు ఉయ్యాలలు కట్టి ఉండేవి. ఏడ్చే పిల్లలందరినీ తల్లుల దగ్గరనుంచి తెచ్చుకుని అక్కడ ఊపుతూ కూర్చునేది. ఆ పని ఓనరు పెట్టింది కాదు, ఆమె పెట్టుకున్నది. "ఆఖరి సీను సూడకుండా ఎందుకు టికెట్టు కొనేది, పాపం?" అనేది. ఆ తల్లుల పుణ్యమా అని ఏ సినిమా ఆఖరి సీనూ తాను మాత్రం చూడలేదు.

ఇలాంటి ఇద్దరం, ఆటకూ ఆటకూ మధ్య, ఆ ఇద్దరు హీరోల గురించి ఎనిమిదేళ్ళు పోట్లాడుకున్నాం.

నేను కళ్ళాయన మనిషిని. అతని సినిమా వస్తే పుస్తకాలు ఆఫీసు బల్లమీద పడేసి పరిగెత్తేదాన్ని. గొంతాయన సినిమా అయితే ఇంటర్వెల్ తర్వాత కూడా లోపలికి పోయేదాన్ని కాదు. మొదటి సగమంతా ఆ కేకలు నా వీపు వెనక గోడను గుద్దుతూ ఉండేవి. విన్నది చాలనుకునేదాన్ని.

"అది నటనా, మైకు టెస్టింగా?" అనేదాన్ని. "మనిషికి దుఃఖం వస్తే అరుస్తాడా ఎవడైనా?"

"మా ఊర్లో అరస్తారు పాపా. మీ కాలేజీలో అరవరేమో," అనేది గేటమ్మ. "మీ కండ్లాయప్ప ఏం సేస్తాడో నాకు అర్థమే కాదు. నేను వరండాలో కూచోనుంటా. లోపల అరగంట సేపు సద్దే ఉండదు. కరెంటు పోయిందేమో అని ఒకతూరి లేసి గూడా సూసినా."

"అదే నటన అంటే. సద్దు లేకుండా చెయ్యడం."

"సద్దు లేకుండా సేసేదానికి నాలుగు రూపాయల పటం తగిలిస్తే సాలదా, గోడకు?"

ఆమెకు ఇంకో కొలత ఉండేది. గొంతాయన సినిమాకు మొదటి సగంలో ఆడవాళ్ళు ఎవరూ లేవరు, నీళ్ళెక్కడని అడగరు, పక్కావిడతో పప్పు ధర మాట్లాడరు. కళ్ళాయన సినిమాకు ఒకటే రాకపోకలు. "ఆయప్ప సినిమాకు నా లైటుకు బేటరీ ఖర్చు జాస్తి," అనేది. నేను నవ్వి కొట్టిపారేసేదాన్ని. నటనను బ్యాటరీలతో కొలిచే విమర్శ ఏ పుస్తకంలో చదివావని వెక్కిరించేదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఓనరు హాలు మార్చి కట్టే ఆలోచనలో ఉన్నాడు. బాల్కనీ, ఒకటే బుకింగు, ఒకటే గేటు. ఇప్పుడు ఆడవాళ్ళు మొగుళ్ళ పక్కనే కూర్చుని చూస్తున్నారు, ఇంకా ఈ వేరు కిటికీ ఎందుకని అతని వాదన. నిజమే, మా వైపు సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. అయినా ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. ఆఫీసుకెళ్ళి ముప్పావుగంట వాదించాను. మొగుడి పక్కన కూర్చోవడానికి మొగుడు తీసుకురావాలి కదా, తీసుకురానివాళ్ళ సంగతేమిటి, పొద్దున ఆట వేసి చూడండి, మొగుళ్ళు పనికి పోయాక వస్తారో రారో తెలుస్తుంది, అన్నాను.

అతను వ్యాపారస్తుడు, కోపిష్టి కాదు. "సరే చూద్దాం," అన్నాడు. "తిరుపతి డిస్ట్రిబ్యూటరు దగ్గర రెండు పాత ప్రింట్లుండాయి. ఒకటి పొద్దున ఆటకు తెప్పిస్తా, ఒక వారం. ఆడోళ్ళ వైపు నిండితే కిటికీ ఉంటుంది, నువ్వుంటావు, గేటమ్మా ఉంటుంది. లేకపోతే కిటికీ మూసి ఆ గదిని సోడా అంగడికి ఇచ్చేస్తా. ఏ సినిమానో మీరే చెప్పండమ్మా. ఆడోళ్ళ సంగతి మీకు తెలిసినట్టు నాకు తెల్దు."

ఒకటి గొంతాయనది, ఇంకొకటి కళ్ళాయనది. రెండూ దాదాపు ఒకే కాలానివి, దాదాపు ఒకే కథ. సొంతవాళ్ళ మధ్య పరాయివాడిలా నిలబడాల్సిన తండ్రి. గొంతాయన సినిమాలో అతను నాటకాల కంపెనీలో రాజు వేషగాడు. కళ్ళాయన సినిమాలో చదువుకున్నవాడు, చేయని నేరానికి ఊరు వదిలి, ఏళ్ళ తర్వాత వంటవాడిగా తిరిగొచ్చినవాడు. కూతురి పెళ్ళిలో, ఆమెకు తెలియకుండా, ఆమె విస్తరిలోనే వడ్డిస్తాడు. ఆ సినిమా అంతకు ముందు మా హాల్లో ఆడినప్పుడు ఆ సీను నేను పన్నెండుసార్లు చూశాను. అన్నం గరిటె ఆ అమ్మాయి ఆకు మీదికి వచ్చి ఒక్క క్షణం ఆగుతుంది. ముఖంలో ఏమీ లేదు. గరిటె మాత్రం ఆగుతుంది, ఆ తర్వాత పక్కాకు మీదికి పోతుంది. ఇంత తెలిసిన నటుడు దేశంలో లేడని నా నమ్మకం.

ఆ సీనునే ఓనరు ముందు వర్ణించాను. బాగానే వర్ణించాను. అతను తల ఊపుతూ విన్నాడు. తలుపు దగ్గర నిలబడిన గేటమ్మ నెమ్మదిగా అంది:

"సామీ, ఆ సినిమా ముందర సగం..."

"నువ్వు ఆగు," అన్నాను. "నువ్వెప్పుడు చూశావు ఆ సినిమా? ఇంటర్వెల్ దాటి ఒక్క రీలైనా చూశావా? సగం సినిమా చూసి తీర్పు చెబుతావా?"

ఓనరు నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ ఆఫీసులో ఉన్నవాళ్ళకెవరికీ, నాతో సహా, మిగతా సగం మాత్రమే చూసిన మనిషి ఆ మాట అంటోందని తట్టలేదు.

బయటికొచ్చాక కూడా ఆమె ఊరికే ఉండలేదు. "పాపా, పొద్దన ఆట అది. పన్నెండుకు బడి వదిల్తే బిడ్డలు కూటికి ఇంటికొస్తారు. ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడు ఆడది ఒక మాట అనుకుంటాది, ఉండేదా, పోయేదా అని. ముందర సగంలో పట్టుకోకపోతే యాడుంటాది?"

"గరిటె సీను వదిలేసి పోయే ఆడది ఉంటుందా?" అన్నాను.

"గరిటె వొస్తాదని దానికెట్ల తెలుస్తాది?"

దానికి నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. ఏదో ఒకటి చెప్పే ఉంటాను. ఆ రోజుల్లో నేను జవాబు లేకుండా ఉన్నది లేదు.

కరపత్రం నేనే రాశాను. రిక్షా మైకులో చదవాల్సింది కూడా నేనే రాశాను. శుక్రవారం ఆడవాళ్ళ వైపు నిండిపోయింది. బెంచీకి ఆరుగురు కూర్చునే చోట ఎనిమిదిమంది కూర్చున్నారు. నేను కిటికీలోంచి గేటమ్మ వైపు చూసి కళ్ళెగరేశాను. ఆమె టికెట్లు చించుతూ ఉండిపోయింది.

శనివారం సగం. ఆదివారం పొద్దున ఇళ్ళల్లో మగవాళ్ళుంటారు, అందుకని తక్కువ అని సరిపెట్టుకున్నాను. సోమవారం కిటికీ ముందు వరసే లేదు, విడివిడిగా వచ్చి కొనుక్కున్నారు. టికెట్టు తీసుకుంటూ ఒకావిడ, మా వీధావిడే, అంది: "మా తోడికోడలు సుక్రవారం వొచ్చిందమ్మా. ఇంటర్వెల్‌కే ఇంటికొచ్చి చారు పెట్టింది. ఏమే అంటే, ఆయప్ప ఇంకా కాలేజీలోనే ఉండాడు, ఎప్పుడు బయటికొస్తాడో ఏమో అనింది."

మంగళవారం ఆట మొదలైన పది నిమిషాలకు ఇంక ఎవరూ రారని తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, మొదటి రీలు నడుస్తుండగా కిటికీ మూసి లోపలికి పోయాను. గేటమ్మ పక్కన నిలబడ్డాను.

తెర మీద కళ్ళాయన బ్యాడ్మింటన్ ఆడుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. నెత్తిన విగ్గు, మెడలో రుమాలు, ఆట అయ్యాక చేతిలో పుస్తకాలు. ఆ పుస్తకాలు మోసే తీరు చూస్తే వాటిని ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చినట్టుంది. ప్రేమించానని చెప్పే మాట, బాకీ అడగడానికి మొహమాటపడేవాడిలా చెప్పాడు. ఆ కళ్ళకు అప్పటికింకా చూడ్డానికి ఏమీ లేదు. దుఃఖం మొదలైతే తప్ప అతనికి పని లేదు. సినిమాలో దుఃఖం ఇంటర్వెల్‌కు పది నిమిషాల ముందు మొదలైంది. అంతవరకూ మా వైపు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకావిడ చిక్కుడుకాయలు ఒళ్ళో పోసుకుని ఈనెలు తీసింది.

గేటమ్మ నా వైపు చూడలేదు. ఎవరో లేస్తే లైటు వేసింది, అంతే.

ఇంటర్వెల్ గంట కొట్టారు. ఉన్నవాళ్ళలో చాలామంది లేచి కొంగులు దులుపుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో చంటిపిల్లల తల్లి ఒక్కతీ లేదు. వరండాలో ఉయ్యాలలు మూడూ ఖాళీ. గేటమ్మ అలవాటుకొద్దీ బయటికి పోబోయింది.

"ఎవర్ని ఊపుతావు? కూచో," అన్నాను.

ఇద్దరం ఆఖరి బెంచీలో కూర్చున్నాం. పెళ్ళి సీను వచ్చింది. విస్తళ్ళు వేశారు. గరిటె వచ్చింది, ఆగింది, పోయింది. ఈసారి నేను తెర చూడలేదు, ఆమెను చూశాను. గేటమ్మ ఏడవలేదు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళోంచి కొంచెం లేచి, గాలిలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి పోయింది.

ఆట అయ్యాక టార్చిలైటు కొంగుతో తుడుచుకుంది. తర్వాత అంది: "ఇంత ఉండాదా ఇందులో?"

"చెప్పాను కదా."

"సెప్పినావు. నేను ముందే సూసుంటే సామితో నేను గూడా నీ మాటే అనుందును. ఇద్దరమూ కలిసి మునిగుందుము." లేచి నిలబడి, "ఇప్పుడు నీ వల్ల మునిగినామని అనేదానికైనా ఉండాది," అంది.

గురువారంతో వారం అయిపోయింది. నేను ఓనరు దగ్గరికి వెళ్ళి, తప్పు నాది, ఆమె చెప్పబోతే నేనే నోరు మూయించాను, రెండో సినిమా తెప్పించి ఇంకొక వారం చూడండి, అని అడిగాను. వాదించలేదు, అడిగాను.

"తప్పు నీదేనమ్మా, కాదని ఎవరన్నారు?" అన్నాడు. "కానీ కంట్రాక్టరు వచ్చేసినాడు. ఇంక వారాలు లేవు. నువ్వు ఆఫీసులోకి వచ్చెయ్యి. మద్రాసుకు ఇంగ్లీషులో లెటర్లు రాసేవాళ్ళు నాకు కావాల."

"ఆమె?"

"ఆమె పని గేటు. గేటే లేదు కదా."

తీర్పు ఇచ్చిన మనిషికి ఫ్యాను కింద కుర్చీ వచ్చింది. సరైన మాట చెప్పబోయిన మనిషి మూడు పాత చీరలు విప్పుకుని, మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. నా గదిలో సోడా అంగడి పెట్టారు. గోలీ సోడా కొట్టినప్పుడల్లా ఆఫీసులోకి వినపడేది.

ఆమెకు నేనేదో చేశానని రాయగలిగితే బాగుండేది. ఏమీ చెయ్యలేదు. మామిడిపళ్ళ కాలంలో రసం ఫ్యాక్టరీలో టెంకలు ఏరే పనికి పోయింది. మిగతా నెలలు ఏ పని దొరికితే ఆ పని. చిత్తూరులోనే ఆమె ఉండే అద్దె గదికి నేను రెండుమూడుసార్లు వెళ్ళాను. ఆమె కాఫీ ఇచ్చేది, నిష్ఠూరం ఆడేది కాదు. ఆడితే తేలిగ్గా ఉండేది, తిరిగి ఏదో అనేదాన్ని.

రెండేళ్ళ తర్వాత తిరుపతిలో ఒక హాల్లో గొంతాయన సినిమా పొద్దున ఆటకు వచ్చింది. అప్పుడు మేము తెప్పించని ఆ రెండో సినిమానే. ఆఫీసుకు వచ్చిన ఉత్తరాల్లో ఆ సంగతి చూసి, గేటమ్మ ఇంటికి పోయి, ఆదివారం రమ్మన్నాను.

"తిరుపతికి కొండకు పోతారు గానీ సినిమాకు పోతారా ఎవరైనా?" అంది. అయినా తలకు నూనె రాసుకుని వచ్చింది.

మొదటి టైటిలు నుంచి కూర్చున్నాను. గొంతాయన రంగస్థలం మీద రాజు వేషంలో పద్యం ఎత్తుకున్నాడు. ఆ కేక నాకు బాగా తెలుసు, నా వీపుకు ఇంకా బాగా తెలుసు. ముఖం మాత్రం మొదటిసారి చూశాను. అంత గొంతు పెట్టి అరుస్తున్నప్పుడు అతని కళ్ళు జనంలో ఎవరినో వెతుకుతున్నాయి. బెదురుగా. చాలదేమో, ఇంకొంచెం గట్టిగా చెప్పాలేమో అన్నట్టు. పెళ్ళాన్ని కసిరినా అదే బెదురు, కంపెనీ యజమానిని నిలదీసినా అదే. ఆ బెదురును కప్పుకోవడానికే అంత గొంతు. గోడలోంచి నాకు చేరింది గొంతు ఒక్కటే. దుఃఖం వస్తే ఎవడైనా అరుస్తాడా అని నేను వెక్కిరించిన మనిషి, అరవకపోతే అందరికీ తెలిసిపోతుందని అరిచేవాడు. కళ్ళాయన దాచుకోవడానికి మాట తగ్గిస్తాడు, ఈయన దాచుకోవడానికి మాట పెంచుతాడు. తేడా అంతే. ఎనిమిదేళ్ళ వాదనను ఇంటర్వెల్ లోపల వదులుకోవడం నాకు అలవాటు లేని పని. గంట కొట్టాక సోడా తాగుతూ ఊరికే కూర్చున్నాను.

గేటమ్మ అది గమనించింది. "ఏమి, మైకు టెస్టింగు ఎట్లుండాది?" అంది.

"సరేలే," అన్నాను.

ఇంటర్వెల్ తర్వాత రెండో రీలు కూడా తిరిగిందో లేదో, మా వెనక వరసలో ఒక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తల్లి బాగా చిన్నది, పంతొమ్మిదేళ్ళుంటాయేమో. బిడ్డను భుజం మార్చి భుజం వేస్తూ తెర మీది కన్ను తియ్యడం లేదు. గేటమ్మ లేవబోయింది. కొంగు పట్టుకుని లాగాను.

"కూచో. ఇది మన హాలు కాదు. నువ్వు టికెట్టు కొన్నావు."

"నేను యాడ కొంటిని, నువ్వు కొంటివి," అని కొంగు విడిపించుకుని, ఆ అమ్మాయితో, "ఇట్ల తే మే బిడ్డని, నువ్వు సూడు," అంది. అమ్మాయి ఇచ్చేసింది. ఎవరో ఏమో తెలియకుండానే ఇచ్చేసింది. గేటమ్మ బిడ్డను తీసుకుని బయటికి పోయింది. ఆట అయ్యేదాకా రాలేదు.

తిరుగు ప్రయాణం ప్యాసింజరు బండిలో. చంద్రగిరి దాటాక గేటమ్మ అడిగింది.

"కడాన ఏమైంది?"

నేను జీవితంలో ఏ సినిమా కథా పోట్లాట లేకుండా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. గొంతాయన ముసలివాడవుతాడు. గొంతు పోదు, వేషాలు పోతాయి. ఒక ఊళ్ళో నాటకం వేస్తున్నారని విని పోతాడు. రంగం మీద తాను వేసిన రాజు వేషంలోనే ఒక కుర్రవాడు. కొడుకు. చిన్నప్పుడు వదిలి వచ్చిన కొడుకు. ఇతను జనంలో అందరికన్నా వెనక, నేలమీద కూర్చుంటాడు.

"లేసి అరిసినాడా, నాయనా అని?"

"లేదు."

"పద్యం అందుకున్నాడా?"

"లేదు. కొడుకు పద్యం చదువుతున్నాడు. ఇతని పెదాలు కదిలాయి. అంతే."

"సద్దు లేకుండా?"

"సద్దు లేకుండా."

ఆమె నమ్మలేదు. నేను అబద్ధం చెబుతున్నానని కాదు, కళ్ళాయన నటనను తెచ్చి ఈయనకు అంటిస్తున్నానని. "ఆయప్ప అట్ల సెయ్యడు," అంది. "సేసినాడా, నిజంగా? ఎట్ల సేసినాడో సెయ్యి సూస్తా."

పెట్టెలో ఎదురుగా ఒక పెళ్ళివాళ్ళ గుంపు, పక్కన మల్లెపూల బుట్టలతో ఇద్దరు. బి.ఏ. చదివినదాన్ని, సినిమా ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసేదాన్ని. కిటికీ వైపు తిరిగి, మెడ కొంచెం ముందుకు చాచి, పెదాలు కదిపాను. మొదటి సగంలో అతను చదివిన పద్యంలో నాకు గుర్తున్నంత మేర, గొంతు లేకుండా. చదువుతుంటే తెలిసింది, ఆ కేక లేకుండా ఆ పద్యం ఎంత పొడవుగా ఉంటుందో.

గేటమ్మ నా నోటినే చూసింది. అయిపోయాక కూడా చూసింది.

"ఇంతసేపా?"

"ఇంతసేపే."

"గరిటె ఇంతసేపు ఆగలేదు కదా?"

"లేదు," అన్నాను. "గరిటె కొంచెమే ఆగింది."

బండి పాకాలలో నిలిచింది. అక్కడ ఎప్పుడూ ఎందుకో చాలాసేపు ఆగుతుంది. వడలవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి పోయారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు.

"ఇంగొకతూరి సెయ్యి పాపా," అంది.

చేశాను.